చూచినది, విన్నది, తలచినది

(గృహగోష్ఠి)



ఈ మాసమున నాకు చేరిన జాబులలో ఒకటి నన్ను రెండుమూడు దినములు ఆలోచనలో పడవేసినది. వ్రాసిన సోదరి ఒక గృహిణి. ఆమె కుమార్తె బి.ఏ. పరీక్షలో కృతార్థురాలై, సంఘసేవలో పట్టము పొందగోరి విశ్వవిద్యాలయమున చేరినది. తల్లికి ఆ చదువును గూర్చి రెండు సందేహములు. ఆకొన్నవారికి అన్నము పెట్టుటకును, ఏడ్చువారి కన్నీరు తుడుచుటకును చదువేల, దయ చాలదా యనునది మొదటిది. రెండవది అంతకంటె గడ్డుది. దానిని ఆమె మాటలలోనే చెప్పెదను.

"మా యింట వెండిగ్లాసొకటి కనబడకపోయినది. పనిమనిషియే తీసినదని అందరమును నిశ్చయించి, ఆమెను మానిపింపబోవుచుండగా మా అమ్మాయి అడ్డుపడినది. 'తీయగా చూచినదెవరు? తీసినదని చెప్పినదెవరు? తీసియుండునని అనుకొన్నదెవరు?' అని మమ్ము వరుసగా నిలువదీసి అడిగినది. మేము నోరు తెరువలేకపోతిమి. పెద్దల మాటను ప్రశ్నించుటయేనా ఆ కళాశాలలో నేర్పు విద్య?"

ఈ జాబునకు బదులు వ్రాయుటకు నాకు కొంత అర్హత కలదు. మా మేనకోడలును ఆ చదువే చదివినది. ఆమెకు మొదటి సంవత్సరమున జరిగిన యొక సంగతి చెప్పినచో, ఈ ప్రశ్నలు ఎచ్చటనుండి పుట్టినవో మీకే తెలియగలదు.

ఆ చదువులో వారమునకు రెండు దినములు విద్యార్థులను బయటికి పంపుదురు. దానికి క్షేత్రకార్యమని పేరు. మా పిల్లను సముద్రతీరమందలి యొక పట్టణమున మత్స్యకారుల వాడకు పంపిరి. బడికి సరిగా రాని తొమ్మిదేండ్ల బాలిక యింటికి పోయి, కారణము తెలిసికొని, నివేదిక వ్రాసి తెమ్మని ఆజ్ఞ. ఊరి పేరుగాని, ఆ తల్లి పేరుగాని మా పిల్ల నాకు చెప్పలేదు. సేవకు పోయిన యింటి గుట్టు బయట పెట్టరాదనుట ఆ వృత్తికి మొదటి నియమము. నేనును అడుగలేదు.

ఉదయము పదునొకండు గంటలకు ఆమె ఆ యింటికి పోయినది. తల్లి లేదు. బాలిక గడపమీద కూర్చుండి రెండేండ్ల తమ్ముని ఒడిలో ఉంచుకొనియున్నది. వాని మొగమున దుమ్ము; చొక్కాకు గుండీలు లేవు. లోపల గోడగూటిలో బ్రాందీసీసా ఒకటి కనబడినది. ప్రక్కయింటి యామె అడుగకయే వచ్చి, "దానికి ఇల్లు పట్టదమ్మా! తెల్లవారకమున్నే పోవును, త్రాగును, ఎప్పటికో వచ్చును" అని చెప్పి పోయినది. మా పిల్ల మనసు కరగినది. ఆ రాత్రియే కూర్చుండి నివేదిక వ్రాసినది. తల్లి పానాసక్తురాలనియు, బిడ్డలయెడ నిర్లక్ష్యము గలదనియు, బాలికను వసతిగృహమునకు పంపుట శ్రేయమనియు అందలి సారాంశము. వ్రాయునప్పుడు తాను ఆ బిడ్డను కాపాడుచున్నానని ఆమెకు పూర్ణవిశ్వాసము.

పర్యవేక్షకురాలు అనుభవశాలిని. నివేదిక చదివి కోపపడలేదు. తెల్లకాగితముపై రెండు నిలువుగీతలు గీచి మూడు గడులు చేసి, "మొదటి గడిలో నీవు కన్నులార చూచినది, రెండవ గడిలో ఒకరు చెప్పగా విన్నది, మూడవ గడిలో నీవు తలచినది, విడివిడిగా వ్రాయుము" అని చెప్పినది.

మా పిల్ల వ్రాసినది. మొదటి గడిలో నాలుగే మాటలు వచ్చినవి: పదునొకండు గంటలకు తల్లి ఇంట లేదు, బాలిక తమ్ముని ఎత్తుకొనియున్నది, తమ్ముని మొగమున దుమ్మున్నది, గూటిలో సీసా యున్నది. రెండవ గడిలో పొరుగామె మాట ఒక్కటి. నిర్లక్ష్యము, పానాసక్తి, వసతిగృహము – ఈ బరువైన మాటలన్నియు మూడవ గడిలో పడినవి. "నీ మూడవ గడిని నమ్మి ఒక బిడ్డను తల్లికి ఎడముచేయుదమా?" అని పర్యవేక్షకురాలు అడిగినది. అంతియే. మా పిల్ల ఆ రాత్రి అన్నము తినలేదు.

మరల వేరొక వేళ పోయి చూడుమని చెప్పగా, ఆమె రెండు దినముల తరువాత సాయంకాలము పోయినది. తల్లి గడపలో కూర్చుండి కూతురి తల దువ్వుచున్నది. ఆమె తెల్లవారుజామున మూడు గంటలకు లేచి చేపలరేవునకు పోవును. అచట వేలములో చేపలు కొని, గంపలో పెట్టుకొని వీధివీధి తిరిగి అమ్మి, మధ్యాహ్నము ఒంటిగంటకు ఇల్లు చేరును. భర్త పడవపై పోయినచో పదిపదునైదు దినములు రాడు. ఇంతకు ముందు చంటివానిని అత్తగారు చూచుకొనెడిది. ఆమె కార్తికమాసమున గతించినది. నాటినుండి చంటివాని భారము అక్కపై పడినది. అంగన్‌వాడి బడిలో కూర్చుండబెట్టుకొనుట మూడేండ్లు నిండిన పిల్లలనే, వీనికి రెండేండ్లే. ఇక ఆ సీసా సంగతి. మా పిల్ల సంకోచించుచునే అడిగినది. తల్లి నవ్వి, సీసా మూత తీసి చూపినది. దీపారాధనకు తెచ్చుకొన్న నువ్వులనూనె! పొరుగామెకును ఈమెకును కొళాయి నీటికడ వైరమున్నట్లును తరువాత తెలిసినది.

ఇచట కథ ముగిసినచో, "పాపము, తల్లి మంచిదే" అని మనమందరము నిట్టూర్చి ఊరకుందుము. కాని పర్యవేక్షకురాలు రెండవ నివేదికను కూడ అదే చూపుతో చూచినది. "మొదట పొరుగామె మాటను నమ్మితివి, ఇప్పుడు తల్లి మాటను నమ్మితివి. ఒక తొందరకు బదులు మరియొక తొందర కాదుగదా?" అని అడిగినది. అప్పుడు మా పిల్ల బడికి పోయి హాజరుపట్టీ చూచినది. కార్తికమునకు ముందు ఆ బాలిక ఇంచుమించు ప్రతిదినమును వచ్చినది, తరువాతనే లోపములు. తల్లి చెప్పినదానికి కాగితము సాక్ష్యము పలికినది. ఆ కాగితమే మరియొకటి కూడ పలికినది: ఉపాధ్యాయిని రెండుమారులు కబురుచేసినను తల్లి ఒక్కమారైనను బడికి రాలేదు. అదియును నిజమే. దానిని కూడ వ్రాసినది. పిమ్మట అంతవరకు ఎవరికిని తోచని పనియొకటి చేసినది. ఆ బాలికనే అడిగినది. ఆలస్యముగా పోయినచో అందరియెదుట నిలువబెట్టుదురని భయమనియు, లెక్కల పాఠము తనకిష్టమనియు ఆ బిడ్డ చెప్పినది.

తుదకు వసతిగృహము మాట నివేదికలో లేదు. ఒంటిగంటవరకు చంటివానిని చూచుటకు అదే వాడలో ఒక ముదుసలిని కుదుర్చుటయు, ఆలస్యమైనను లోనికి రానిచ్చుటకు ఉపాధ్యాయినితో మాటాడుటయు, తల్లిని ఒకమారు బడికి తోడ్కొనిపోవుటయు అందలి సూచనలు. పరమాద్భుతమేమియు జరుగలేదు. ముదుసలి జబ్బుపడిన దినమున బాలిక ఇప్పటికిని బడి మానును. కాని తక్కిన దినములు పోవుచున్నది. రాత్రి తల్లి ప్రక్కను పరుండుచున్నది.

సోదరీ! మీ అమ్మాయి అడిగిన మూడు ప్రశ్నలు ఆ మూడు గడులే. ఇది పాశ్చాత్యులు తెచ్చిన కొత్త తెగులు కాదు. మన తర్కశాస్త్రమున గౌతముని న్యాయసూత్రములు జ్ఞానమునకు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములు చెప్పినవి. చూచినది ప్రత్యక్షము; విన్నది శబ్దము; చూచిన గుర్తునుబట్టి చూడనిదానిని ఊహించుట అనుమానము. కొండపై పొగ కనబడినచో అచట నిప్పున్నదని ఊహించుటను మన తార్కికులు ఉదాహరణముగా చెప్పుదురు. ఐతే మంచును పొగయని భ్రమించినవాడు లేని నిప్పును ఊహించును. గూటిలోని సీసా మా పిల్లకు అట్టి మంచే. శబ్దమునకును నియమము కలదు. అందరి మాటయు ప్రమాణము కాదు. ఆప్తుని మాటయే ప్రమాణము. ఆప్తుడనగా సంగతి నెరిగినవాడు, ఉన్నదున్నట్లు చెప్పువాడు. కొళాయికడ వైరమున్న పొరుగామె ఆప్తురాలగునా? ఎద్దు ఈనినదన్న, దూడను గాటన కట్టివేయుమన్నవాని కథ మన యిండ్లలో పిల్లలకును తెలియును. సుమతీశతకము చదివిన బాలికకు ఈ నీతి కొత్తది కాదు. తెలిసిన నీతిని వేళకు జ్ఞప్తికి తెచ్చుకొనుటకే అభ్యాసము కావలయును. ఆ కళాశాలలో నేర్పునది ఆ అభ్యాసమే.

ఇక మొదటి సందేహము: దయ చాలదా? ఈ ప్రశ్నను నూరేండ్లకు పూర్వమే ఆ రంగమున పనిచేసినవారు తమకు తాము వేసికొనిరి. అమెరికాలో మేరీ రిచ్‌మండ్ (1861–1928) అను నామె బీదలకు సహాయము చేయు సంఘమున చిన్న యుద్యోగముతో ప్రారంభించి, 1917 సంవత్సరమున 'సోషల్ డయాగ్నోసిస్' అను పెద్ద గ్రంథమును ప్రకటించినది. వైద్యుడు మందిచ్చుటకు ముందు రోగనిదానము చేయునట్లు, సంఘసేవకురాలు సహాయమునకు ముందు కష్టమునకు నిదానము తెలిసికొనవలెననుట అందలి భావము. వస్తువులు ఇచ్చు సాక్ష్యము, మనుష్యులు చెప్పు సాక్ష్యము, సందర్భమునుబట్టి ఊహించు సాక్ష్యము అని ఆమెయు మూడుగా విభజించినది. స్వయముగా చూచి చెప్పినవాని మాటను, ఒకరు చెప్పగా విని చెప్పినవాని మాటను ఒకే త్రాసున తూచరాదనియు, విచారించువారి పూర్వాభిప్రాయములే విచారణను తప్పుదారి పట్టించుననియు ఆమె హెచ్చరించినది.

మన దేశమున ఈ విద్యకు మొదటి కళాశాల 1936 సంవత్సరమున బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేర వెలసినది. క్లిఫర్డ్ మాన్‌షార్డ్ దానికి మొదటి సంచాలకుడు. 1944 లో అది టాటా సాంఘికశాస్త్ర సంస్థగా పేరు మార్చుకొన్నది. ఆ కళాశాల వెలసిన మరుసటి యేడే, 1937 లో, మన దుర్గాబాయి చెన్నపట్టణమున ఆంధ్ర మహిళాసభను నెలకొల్పినది. 1953 లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలైనదియు ఆమెయే. 1923 సంవత్సరమున కాకినాడ కాంగ్రెసు సమయమున ఆమె ఖద్దరు ప్రదర్శనము వాకిట స్వచ్ఛందసేవికగా నిలిచి, టిక్కెట్టు లేదని జవహర్లాల్ నెహ్రూను లోనికి పోనీయకుండుట మీరందరును వినియుందురు. అప్పటికామె చిన్న బాలిక. నాకు ఆ కథలో ముచ్చటైనది ధైర్యము మాత్రమే కాదు. పేరు చూచి టిక్కెట్టు మానరాదను న్యాయము. ఎంత గొప్పవారు చెప్పిన సిద్ధాంతమైనను, ఎంత బీదరాలు చెప్పిన మాటయైనను, మన మనసు వాకిట ఒకే టిక్కెట్టు చూపవలయును. ఆ టిక్కెట్టు పేరు ఆధారము.

ఆధారము చేతనున్నను పొరపడవచ్చునను కథ మరియొకటి చెప్పెదను. షికాగో నగరమున జేన్ ఆడమ్స్ 1889 లో హల్‌హౌస్ అను సేవాగృహమును స్థాపించినది. అచట నివసించిన వైద్యురాలు ఆలిస్ హామిల్టన్. 1902 లో ఆ పేటలో టైఫాయిడు జ్వరము ప్రబలి అనేకులను బలిగొన్నది. నీరు ఊరంతకు ఒకటే, జ్వరము ఇచటనే ఎక్కువేల యని ఆమె వీధులు తిరిగినది. మూతలేని మరుగుదొడ్లు, వానిపై ముసురు ఈగలు కనబడినవి. దొడ్లలోను, వంటయిండ్లలోను ఈగలను పట్టి పరీక్షింపగా, వానియందు టైఫాయిడు క్రిములు తేలినవి. ఈగలే వ్యాధిని మోసికొని వచ్చినవని ఆమె 1903 లో ప్రకటించినది. పత్రికలు పొగడినవి, నగరపు ఆరోగ్యశాఖపై విచారణ జరిగినది, శాఖ సంస్కరింపబడినది.

తరువాత అసలు సంగతి బయటపడినది. జలయంత్రశాలకడ గొట్టము పగిలి, మూడు దినములు మురుగునీరు త్రాగునీటిలో కలిసినదట! అధికారులు ఆ మాట దాచియుంచిరి. ఈగలు ఆ మహమ్మారికి ముఖ్యకారణము కానేకావు. హామిల్టన్ చూచినది నిజము. ఈగలయందు క్రిములుండుటయు నిజము. వానినుండి తలచినది మాత్రము తప్పు. లోకము ఆమెను ఆ ఈగల కొరకే పొగడుచుండెను. ఆమె ఊరకుండిన ఎవరును అడుగువారు లేరు. ఐనను 1943 లో వ్రాసిన స్వీయచరిత్రలో, తాను పొరపడితినని, ఆ పొగడ్త తనకెంత సిగ్గు కలిగించెడిదో, దాపరికము లేక చెప్పినది. హార్వర్డు విశ్వవిద్యాలయమున 1919 లో అధ్యాపకురాలైన మొదటి స్త్రీ ఈమెయే. ఒక కారణము దొరకగానే వెదకుట మానరాదను పాఠమును, తప్పు తెలిసినచో పదిమందిలో ఒప్పుకొనవలెనను పాఠమును మన బిడ్డలు ఈమెకడ నేర్చుకొనవచ్చును.

దయ చాలదనుటకు ఇంతకంటెను గట్టి నిదర్శనమొకటి కలదు. బోస్టనునకు చేరువనున్న కేంబ్రిడ్జి, సోమర్‌విల్ పట్టణములలో రిచర్డ్ కాబట్ అను వైద్యుడొక పని తలపెట్టెను. ఆసుపత్రిలో రోగుల సాంఘికస్థితిని విచారించు పద్ధతిని 1905 లోనే ప్రారంభించినవాడాయన. పిల్లలు నేరములలో పడకుండ ముందే చేరదీయవలెనని ఆయన యుద్దేశము. 506 మంది బాలురను ఈడుజోడు చూచి జతలుగా కూర్చి, జతలో ఒకనిని సహాయమునకును, మరియొకనిని పోలికకును చీటివేసినట్లు నిర్ణయించిరి. 1939 నుండి 1945 వరకు 253 మంది బాలురయిండ్లకు, సగటున నెలకు రెండుమారులు, సేవకులు పోవుచుండిరి. చదువు చెప్పించిరి, వైద్యము చేయించిరి, వేసవి శిబిరములకు పంపిరి. తక్కిన 253 మందికి ఏమియు చేయలేదు.

ముప్పదియేండ్ల తరువాత జోన్ మెకార్డ్ అను విదుషీమణి ఆ బాలురందరిని వెదకించి విచారించినది. సహాయము పొందినవారిలో ఇంచుమించు మూడింట రెండువంతులమంది, "అది మాకు మేలు చేసినది" అనిరి. ఆ మాటతోనే తృప్తిపడియుండినచో ఇంతటి సేవ మరియొకటి లేదని లోకము నమ్మియుండెడిది. కాని ఆమె రెండవ జట్టుతో పోల్చి చూచినది. 1978 లో ప్రకటించిన ఫలితము వినుడు: సహాయము పొందినవారిలో నేరములు తగ్గలేదు. పైగా మరల మరల నేరము చేయుట, త్రాగుడు లక్షణములు, చిన్నయీడున మరణించుట – ఇట్టి కొన్ని విషయములలో వారి స్థితియే అధ్వాన్నముగా నుండెను.

ఇది విని సేవయే వలదనుకొనరాదు. మంచి తలంపుతో చేసిన పని తప్పక మంచినే చేయునని నమ్మరాదనియే దీని యర్థము. ఇంటిలోను ఇంతే. పిల్లకు జలుబు చేసిన ఆరవనాడు కషాయమిత్తుము, ఏడవనాడు తగ్గును, కీర్తి కషాయమునకు దక్కును. ఇయ్యకున్నను ఏడవనాడు తగ్గెడిదేమో! మేలు జరిగినదని మేలు పొందినవారు చెప్పుట ఒక సాక్ష్యమే. చాలినంత సాక్ష్యము కాదు. "ఈ పని చేయకున్నచో ఏమి జరిగియుండును?" అను ప్రశ్న సంఘసేవ నేర్చు బాలిక నిత్యము అడుగవలసిన ప్రశ్న.

ఇన్ని ప్రశ్నలలోను కష్టమైనది తన్ను తాను ప్రశ్నించుకొనుట. మా పిల్ల ఒకనాడు నాతో ఇట్లన్నది: "అత్తయ్యా! మన యింట పదునొకండు గంటలకు అమ్మ వంటయింటిలో నుండును. ఆ వేళకు ఇంట లేని తల్లి చెడ్డతల్లియని నేను నాకు తెలియకయే అనుకొంటిని. చొక్కాకు గుండీలు లేకపోవుటను చూచితిని గాని, ఆ చంటివాడు ఏడ్వక అక్క ఒడిలో నిశ్చింతగా నుండుటను చూచియు చూడనైతిని." మన కులము, మన కలిమి, మన యింటి అలవాటు మన కంటికి అద్దములై యుండును. అద్దము ధరించినవారికి అద్దము కనబడదు. లోకమే ఆ రంగున కనబడును. బీదరాలింటికి నివేదిక వ్రాయ పోయినవారి చేతిలో కలమున్నది. ఆ తల్లి చేతిలో గంప మాత్రమే యున్నది. కలము గలవారు తప్పు వ్రాసినచో గంప గలవారు దిద్దలేరు. కావుననే కలము పట్టినవారికి సందేహించు గుణము ఎక్కువ కావలయును.

ఆ కలమునకు ఎంత బలమున్నదో చట్టము చూచిన తెలియగలదు. 2015 సంవత్సరపు బాలల న్యాయచట్టము ప్రకారము సంరక్షణ కావలసిన బిడ్డను బాలల సంక్షేమసమితి యెదుటికి తెచ్చినప్పుడు, సంఘసేవకులుగాని అధికారులుగాని ఆ బిడ్డ యింటి స్థితిగతులపై విచారణ నివేదికను 15 దినములలో ముగింపవలెను. సమితివారు 4 మాసములలోగా తుదితీర్పు ఇచ్చుటకు అది ఆధారము. బిడ్డను సంస్థలో నుంచుట కట్టకడపటి ఉపాయమే కావలెననియు ఆ చట్టమే చెప్పుచున్నది. మా పిల్ల వ్రాసినది విద్యార్థిని అభ్యాసపత్రము. రేపు ఉద్యోగమున చేరి వ్రాయునది ఒక కుటుంబపు తలవ్రాత కావచ్చును. తప్పులు చేసి దిద్దుకొనుటకు కళాశాలయే తగిన చోటు.

"ఇట్లు ప్రతిదానిని తర్కించుచు కూర్చుండినచో సాయమెప్పుడు చేయుదురు?" అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. బిడ్డ ఒడలిపై దెబ్బలు కనబడినప్పుడు, ప్రాణాపాయము తోచినప్పుడు గడులు గీచుచు కూర్చుండరాదు. వెంటనే 1098 అను బాలల సహాయపు టెలిఫోను సంఖ్యకు తెలుపవలయును. బిడ్డను భద్రపరచిన పిదపనే విచారణ. ఏది తొందర పని, ఏది నిలుకడ పని యని వేరుచేయుటయు వివేచనలోని భాగమే. నిజము నిలుకడమీద తెలియునని మన పెద్దలు ఊరకనే అనలేదు. మరియు ప్రశ్నించుట మనసును రాయి చేయదు. మా పిల్లకు మొదటి దినమున కలిగిన జాలి ఆ బాలికపై మాత్రమే. విచారించిన పిమ్మట కలిగిన జాలి తల్లిపైని, చంటివానిపైని, పోయిన అత్తగారిపైని కూడ వ్యాపించినది. పొరుగామెపై సైతము ఆమెకు కోపము లేదు. కొళాయికి నీరు చాలినంత రాకపోవుట ఆ వైరమునకు మూలమని తెలిసికొన్నది.

ఈ విద్య నేర్చు కుమార్తెలకు నేను చెప్పదలచినది కొంచెమే. నివేదిక వ్రాసిన రాత్రియే అందజేయక, మరునాటి ఉదయము మరల చదువుడు. ప్రతి బరువైన మాట క్రిందను గీతగీచి, ఇది ఏ గడిలోనిదో చూచుకొనుడు. మీ అభిప్రాయమునకు అనుకూలమైన సంగతులను వెదకినంత శ్రద్ధగా ప్రతికూలమైనవానిని వెదకుడు. వేరొక వేళ పోయి చూడుడు. ఎవరిని గూర్చి వ్రాయుచున్నారో వారిని అడుగుడు. తెలియనిచోట "తెలియదు" అని వ్రాయుటకు సిగ్గుపడకుడు. అడుగు తీరును కూడ నేర్చుకొనుడు. మా పిల్ల సీసా సంగతి అడిగిన మెత్తదనమే ఆ తల్లిచేత మూత తీయించినది. కఠినముగా అడిగియుండినచో సీసాతోపాటు మనసును మూసికొనియుండెడిది. ఇంటిలో పెద్దలను ప్రశ్నించునప్పుడును ఈ మెత్తదనము మరువరాదు.

ఇక జాబు వ్రాసిన సోదరికి. అమ్మా! మీ అమ్మాయి పనిమనిషి నిర్దోషియని చెప్పలేదు. ఆమె తీసినదని మీకు తెలియదు, అని మాత్రమే చెప్పినది. ఈ రెంటికిని చాల భేదము గలదు. మీరును కాగితము తీసికొని మూడు గడులు గీయుడు. గ్లాసును కడపట చూచినదెవరు, ఏనాడు, ఎచ్చట? ఆ దినములలో ఇంటికి వచ్చినవారెందరు? అందరిలోను పనిమనిషి పేరే మీకు ముందుగా ఏల తోచినది? ఆమె బీదరాలనుట తక్క మరియొక ఆధారమున్నదా? ఆమెను ఎదుట కూర్చుండబెట్టుకొని, నేరము మోపక, మీ అమ్మాయిచేతనే అడిగించుడు.

ఇంత చేసినను గ్లాసు దొరకకపోవచ్చును. ఎవరు తీసిరో ఎన్నటికిని తెలియకపోవచ్చును. అట్లయినచో మీకు పోయినది ఒక గ్లాసు. ఆధారము లేక ఆమెను మానిపించినచో, ఆ వీధిలో ఇక నెవరును ఆమెను గడప త్రొక్కనీయరు. ఆమెకు పోవునది కూడు. ఈ రెండు నష్టములను త్రాసున పెట్టి చూచుటకు పట్టము అక్కరలేదు. గృహిణి మనసు చాలును. మీ అమ్మాయి ఆ త్రాసును మీ చేతికందించినది. ఆమెను కళాశాల మాన్పింపకుడు.

వచ్చు మాసమున ఆ వెండిగ్లాసు సంగతి ఏమైనదో తప్పక వ్రాయుడు. దొరకినను, దొరకకున్నను.